తెలుగు సిపాయిల సేవాపత్రములు

నూజివీడు ప్రాంతమున తోట గల రైతునకు తన మామిడిచెట్ల వంశము తెలియును. ఈ చిన్నరసము ఎవరి తోటనుండి తెచ్చిన అంటు, దాని తల్లిచెట్టు ఎక్కడ నుండెడిది, ఏ గాలివానకు కూలినది అని అడిగినచో తడుముకొనక చెప్పగలడు. అదే ఇంట ఒక తాతయో, తాతకు తమ్ముడో పటాలమునకు పోయెనని చెప్పుకొనుటయు గలదు. కాని ఏ పటాలము, ఏ సంవత్సరము, ఏ దేశమున పనిచేసెను, తిరిగి వచ్చెనా లేదా అని అడిగినచో బదులు చెప్పువారు అరుదు. చెట్టు చరిత్ర ఇంట నిలిచినది. మనుష్యుని చరిత్ర నిలువలేదు.

ఇది వంశాభిమానమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున పనిచేసి, పింఛను లేక ఇల్లు చేరిన సిపాయిలకును, వారి వితంతువులకును రాష్ట్ర ప్రభుత్వములు నెలసరి సహాయము ఏర్పఱచెను. దానిని పొందుటకు సేవను నిరూపించు కాగితము కావలయును. ఆ కాగితము ఎక్కడ పుట్టును, ఎక్కడ నుండును, ఎప్పుడు నశించును, దాని నకలును రప్పించుకొను విధమెట్టిది అను సంగతులు గ్రామములయందు తెలిసియుండుట అవసరము.

తిలంగా అను పేరు

తెలుగు సిపాయి నిన్నమొన్నటి వాడు కాడు. 18వ శతాబ్దమున ఫ్రెంచివారును, ఆంగ్లేయులును ఐరోపా పద్ధతిని కవాతు నేర్పిన సిపాయి దళములను మొదట దక్షిణాపథముననే సమకూర్చుకొనిరి. 1756 అక్టోబరులో క్లైవు మద్రాసునుండి ఓడలపై వంగదేశమునకు తరలినపుడు ఆతని వెంట మద్రాసు సిపాయిలు పోయిరి. ఉత్తరదేశీయులు ఈ కొత్త తరహా సిపాయిలను 'తిలంగాలు' అని పిలిచిరి. తెలుగుదేశపు పేరే సిపాయికి పేరయ్యెను. నూఱేండ్ల తరువాత, 1857లో, ఢిల్లీ పౌరులు తమ నగరమున చేరిన తిరుగుబాటు సిపాయిలను, వారు అవధ్, బీహారు ప్రాంతముల వారైనను, తిలంగాలనియే పిలుచుచుండిరి.

ఉత్తర సర్కారులు కుంపిణీ వశమైన పిదప మచిలీపట్టణము, ఏలూరు, విశాఖపట్టణము మొదలగు చోట్ల సిపాయి దళములు నిలిచెను. హైదరుతో యుద్ధము సాగుచున్న 1780లో, అక్టోబరు 3వ తేదీన, విశాఖపట్టణమునందలి సిపాయిలు ఓడ యెక్కి మద్రాసునకు పొమ్మన్న ఆజ్ఞను నిరాకరించి తిరుగబడిరి. వారి నాయకుడైన సుబేదారు షేక్ అహమ్మదు పేరు చరిత్రకెక్కెను. ఆజ్ఞకు లోబడి ఓడ యెక్కి, పరదేశములయందు ప్రాణములు విడిచిన వేలమంది పేర్లు ఏ చరిత్రకును ఎక్కలేదు. 1811లో జావా, 1824–26లో బర్మా, 1840–42లో చీనా దేశముల యుద్ధములకు మద్రాసు సేనలు పోయెను. ఆ సేనలయందలి తెలుగువారిని ఆంగ్లేయుల పట్టికలు 'జెంటూలు' అనియు, 'తెలింగాలు' అనియు పేర్కొనెను. 1882 మొదలుకొని వెలువడిన కర్నల్ విల్సన్ గారి మద్రాసు సైన్య చరిత్రమున పటాలముల కదలికలు, యుద్ధముల వృత్తాంతములు విస్తారముగా గలవు. సామాన్య సిపాయి అందు పెక్కుచోట్ల లెక్కలోని అంకెగానే కనబడును.

1881 నుండి 1885 వఱకు మద్రాసు సేనాధిపతిగానుండిన రాబర్ట్సు దొర దక్షిణాదివారు యుద్ధమునకు తగరని తలచెను. 'యుద్ధజాతులు' అను వాదము బలపడి, సైన్యమున పంజాబీలకును, గూర్ఖాలకును, పఠానులకును ప్రాముఖ్యము హెచ్చెను. 1895లో మద్రాసు సైన్యము ప్రత్యేక సైన్యముగా లేకపోయెను. తిలంగా అను పేరిచ్చిన దేశపు వారికే సైన్యమున చోటు సన్నగిల్లెను.

అయినను యుద్ధము వచ్చినపుడు మనుష్యులు కావలసివచ్చిరి. 1914–18 యుద్ధమునకు మద్రాసు రాజధానినుండి సుమారు 51,000 మంది సైనికులును, 41,000 మంది ఇతర సేవకులును, మొత్తము 92,000కు పైబడి పోయిరి. త్రోవలు వేయు పయొనీరులుగను, వంతెనలు కట్టు శాపరులుగను, బరువులు మోయు కూలిదళములుగను వారు పనిచేసిరి. యుద్ధము ముగిసిన పిదప 3వ మద్రాసు రెజిమెంటును 1928 నాటికి తీసివేసిరి. రెండవ యుద్ధము ముంచుకొనిరాగా మద్రాసు రెజిమెంటును మరల నిలిపిరి. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము రెండు యుద్ధములకును మనుష్యులను పంపిన గ్రామము. లోకమున దానికి 'మిలిటరీ మాధవరము' అని పేరు. అట్టి పేరు రాకపోయినను, ఒకరిద్దఱిని పంపిన గ్రామములు పెక్కు గలవు. వాని సంగతియే నేడు ఎక్కువ చీకటిలోనున్నది.

సేవాపత్రము అననేమి

రంగరూటు చేరిన నాడే అతనికి ఒక సంఖ్య ఇచ్చెదరు. ఆ సంఖ్య క్రింద ఒక పత్రము తెఱచెదరు. దానికి 'షీటురోలు' అని వాడుక. పేరు, తండ్రిపేరు, గ్రామము, తాలూకా, జిల్లా, వయస్సు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, వారసుల పేర్లు అందు వ్రాయుదురు. పిమ్మట బదలీలు, సెలవులు, గాయములు, శిక్షలు, పతకములు, విడుదల మొదలగునవి ఒక్కొక్కటిగా దానికెక్కును. అక్షరము రాని సిపాయికైనను ప్రభుత్వము వ్రాసియుంచిన జీవితచరిత్ర అదియే.

ఇట్టి పత్రములన్నియు లండనులో గలవని పలువురు తలచుట పొరపాటు. లండనునందలి బ్రిటిషు లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తావేజులు గలవు. అందు మద్రాసు సైన్యమున పనిచేసిన ఐరోపా అధికారుల, ఐరోపా సైనికుల పట్టికలు విశేషముగా గలవు. భారతీయ సిపాయిల వ్యక్తిగత పత్రములు అచ్చటికి పోలేదు. అవి ఈ దేశమునందలి ఆయా దళముల రికార్డు కార్యాలయములలో నుండెను. మద్రాసు రెజిమెంటు వారి కార్యాలయము నీలగిరులయందలి వెల్లింగ్టనులోను, మద్రాసు ఇంజనీర్ల దళమువారిదియు, పయొనీరు దళమువారిదియు బెంగుళూరులోను, ఫిరంగి దళమువారిది నాసికులోను గలవు. కావున నూజివీడు చెంతనున్న కుటుంబము వెదుకవలసిన దారి సముద్రము దాటి పోవునది కాదు. తఱచుగా దక్షిణదేశమునందే ముగియును.

అగ్గిపాలైన కాగితములు

కాగితము ఒక్కటే ఉన్నచో ప్రమాదము కూడ ఒక్కటే చాలును. 1940 సెప్టెంబరులో లండనుపై జర్మనుల బాంబులు పడినపుడు, మొదటి యుద్ధమున పనిచేసిన బ్రిటిషు సైనికుల సేవాపత్రములలో సగమునకు మించి కాలిపోయెను. మిగిలిన వానిని నేటికిని 'కాలిన పత్రములు' అనియే పిలుచుచున్నారు. అవి ముట్టుకొన్న పొడియగు స్థితిలో నుండుటచే 1990ల తరువాతి భాగమున వానిని మైక్రోఫిల్ముపైకి ఎక్కించిరి.

అమెరికాలో 1973 జులై 12వ తేదీన సెయింట్ లూయీ నగరమునందలి సైనిక పత్రముల భవనము అంటుకొని, 1 కోటి 60 లక్షలకును, 1 కోటి 80 లక్షలకును నడుమ సైనికుల దస్త్రములు నష్టమయ్యెను. వానికి నకళ్లు లేవు, మైక్రోఫిల్ము తీయలేదు. ఆ దేశపు సైనికుడు నేడు తన సేవను నిరూపించుకొనవలెనన్న ఆసుపత్రి చిట్టాలు, జీతపు పట్టీలు మొదలగు ఇతర కాగితములనుండి చరిత్రను తిరిగి కూర్చవలసి వచ్చుచున్నది. పిమ్మటి కాలమున ఆ దేశమున సైనికుల పత్రములను మైక్రోఫిషు అట్టలపైకి మార్చి, కోరినవారికి వాని నకళ్లు ఇచ్చు పద్ధతి ఏర్పడెను.

మైక్రోఫిషు అనునది అఱచేతి పాటి ఫిల్ము అట్ట. పోస్టుకార్డు కంటె కొంచెము పెద్దదైన ఆ అట్టపై ఆవగింజల వరుసలవలె పేజీల ఛాయాచిత్రములు చిన్నవి చేయబడి యుండును. ఒక్క అట్టపై 98 పేజీల వఱకు పట్టును. దానిని చదువుటకు వెలుతురును, భూతద్దమును గల యంత్రము కావలెను. పద్ధతికి మూలము పాతదే. 1870–71లో పారిసు నగరమును జర్మనులు ముట్టడించినపుడు డాగ్రాన్ అను ఫ్రెంచివాడు ఉత్తరములను సన్నని పొరపై చిన్నవిగా ఫోటో తీయించి పావురములచే నగరములోనికి పంపెను. 1941లో కైరోనందలి సైనికుల జాబులను ఇట్లే ఫిల్ముపై తీసి విమానములో లండనుకు పంపిరి. మంచి ఫిల్మును చల్లగా, తడి తగులకుండ ఉంచినచో వందల ఏండ్లు నిలుచును. ఉక్కలోను, తడిలోను ఉంచిన పాతరకపు ఫిల్ము పులిసి, వెనిగరు వాసన కొట్టి చెడిపోవును.

అంటుకట్టుట తెలిసిన ప్రాంతమువారికి నకలు విలువ వేఱుగ చెప్పనక్కరలేదు. తల్లిచెట్టు పడిపోయినను అంటు బ్రదికినచో ఆ జాతి బ్రదుకును. అంటు కట్టకమునుపే తల్లి పడిపోయినచో ఇక చేయునది లేదు.

పాతికేండ్ల గడువు

మనదేశమున సేవాపత్రములకు అగ్నికంటె ఎక్కువ హాని చేసినది గడువు. భారతసైన్యపు నిబంధనల ప్రకారము, పింఛనుతో విడుదలయైన వాని పత్రములను 50 ఏండ్లును, పింఛను లేక విడుదలయైన వాని పత్రములను 25 ఏండ్లును ఉంచి, పిమ్మట నాశనము చేయవచ్చును. రెండవ యుద్ధమునకై చేరినవారిలో పెక్కుమందిని 1945–47 నడుమ పింఛను లేకయే ఇండ్లకు పంపిరి. లెక్క వేసినచో 1972 నాటికి వారి షీటురోళ్లకు గడువు తీఱెను. ఆ సంవత్సరముననే స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున కేంద్రప్రభుత్వము స్వాతంత్ర్య యోధులకు పింఛను పథకము ప్రారంభించినది! ఒకవంక పాత సేవకు రుజువులు అడుగు కాలము వచ్చెను. మఱియొకవంక రుజువులు పోవు కాలమును వచ్చెను.

అయినను ఆశ వదలుకొనరాదు. షీటురోలు పోయినను 'లాంగురోలు' అను పెద్ద చిట్టా చాల దళములలో నిలిచియున్నది. అందు ఒక్కొక్క సిపాయికి ఒక్కొక్క వరుసయే యుండును: సంఖ్య, పేరు, చేరిన తేదీ, విడుదల తేదీ, కారణము. పింఛను తగవులలో న్యాయస్థానములు, సైనిక ట్రిబ్యునళ్లు పెక్కుమార్లు పరిశీలించినది ఈ ఒక్క వరుసనే. ఒక మనుష్యుని యౌవనమంతయు ఒక్క వరుసలో నిలిచినను, అది నిలుచుట గొప్ప.

అడుగవలసిన విధము

రికార్డు కార్యాలయమునకు వ్రాయు జాబులో సైనికుని సంఖ్యయు, దళము పేరును ముఖ్యములు. ఇవి లేని జాబునకు సమాధానము దొరకుట కష్టము. వానిని ఇంటనే వెదుకవలెను. విడుదల పత్రము, జీతపు పుస్తకము, మనియార్డరు రసీదులు, పాత జాబుల కవర్లు చూడవలెను. అవి లేనిచో పతకము చూడవలెను. మొదటి యుద్ధపు వెండి పతకముల అంచున సంఖ్య, హోదా, పేరు, దళము సన్నని అక్షరములతో చెక్కియుండును. వెండి కదా అని దానిని కరిగించినచో కరుగునది వెండి మాత్రమే కాదు.

పేర్ల విషయమున ఓర్పు కావలెను. ఇంటిపేరు విడిచి పేరు మాత్రము వ్రాసిన గుమాస్తాలు గలరు. తెలుగు పేరును చెవికి తోచినట్లు ఇంగ్లీషున వ్రాసినవారును గలరు. వేంకటస్వామి ఒక చోట ఒక తీరున, మఱియొక చోట వేఱొక తీరున కనబడును. తోచిన రూపములన్నియు జాబులో తెలుపుట మేలు.

ఊరి విషయమునను జాగ్రత్త అవసరము. ఊరు కదలకున్నను జిల్లా కదలును. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది 1925లో. అంతకుముందు ఏలూరు కృష్ణాజిల్లాలోనిది. 2022 ఏప్రిలు 4 నుండి నూజివీడు ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. కనుక నూజివీడు సిపాయిని ఏలూరు జిల్లా క్రింద వెదకిన పాత చిట్టాలో కనబడడు. మద్రాసు రాజధాని, 'కిష్ట్నా' జిల్లా క్రింద వెదుకవలెను. బెజవాడను 'బెజ్వాడ' అనియు, ఏలూరును 'ఎల్లూరు' అనియు, మచిలీపట్టణమును 'మసూలిపటాము' అనియు ఆనాటివారు వ్రాసిరి.

మొదట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోవుట సులువు; ఏ దళమునకు ఏ రికార్డు కార్యాలయమో అచ్చటివారు తెలుపగలరు. బంధుత్వమును చూపు కాగితము జతచేయవలెను. సమాధానము రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము గలదు. కేంద్ర కార్యాలయములకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, నకలునకు పేజీకి 2 రూపాయలు. 30 దినములలో బదులు రావలెను. 'మా తాతగారి వివరములన్నియు పంపుడు' అని అడుగుటకంటె 'ఫలానా సంఖ్య గల సిపాయి లాంగురోలు వరుస నకలు పంపుడు' అని అడిగినచో పని త్వరగా నగును.

ఆజాద్ హింద్ ఫౌజున చేరినవారి సంగతి వేఱు. మలయా రబ్బరు తోటలనుండి తమిళులతోబాటు తెలుగువారును అందు చేరిరి. ఆ ఫౌజునకు సంబంధించిన 990 దస్త్రములను రక్షణశాఖ 1997లో ఢిల్లీనందలి జాతీయ అభిలేఖాగారమునకు అప్పగించెను. ఆ వంశములవారు వెదుకవలసినది అచ్చట.

పేర్లు లేని స్మారకము

ఇరాకునందలి బస్రా స్మారకము మొదటి యుద్ధమున మెసపొటేమియాలో మరణించిన 40,000 మందికి పైబడినవారి కొఱకు 1929లో ఆవిష్కరింపబడెను. బ్రిటిషువారి పేర్లు, భారతీయులలో అధికారుల పేర్లు దానిపై చెక్కిరి. సామాన్య భారతీయ సిపాయిలకు పేర్లు చెక్కలేదు. ఏ దళమున ఎందఱు చనిపోయిరో ఆ సంఖ్య మాత్రము చెక్కిరి. ఆ యుద్ధమున మరణించిన భారతీయులకును, ఆఫ్రికా వారికిని ఇట్టి అన్యాయము జరిగెనని కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘము నియమించిన విచారణసంఘమే 2021లో ఒప్పుకొనెను. 45,000 నుండి 54,000 మందిని సమానముగా స్మరింపలేదని ఆ నివేదిక తెలిపినది.

దీనికి మాఱుగా పంజాబులో జరిగినది చూడదగును. మొదటి యుద్ధము ముగియగానే అచ్చటి ప్రభుత్వము జిల్లాల వారీగా, గ్రామముల వారీగా సైనికుల చిట్టాలు వ్రాయించెను. అవి లాహోరు మ్యూజియములో దాదాపు వందేండ్లు పడియుండి, 2021 నవంబరు 11 నుండి లోకమునకు అందుబాటులోనికి రాజొచ్చెను. 3,20,000 మంది సైనికుల వివరములు అందు గలవు. దేశాంతరములందున్న మనుమలు తమ తాతల గ్రామము పేరు తెఱచి, అందు తమ ఇంటిపేరు కనుగొనిరి. గ్రామము వారీగా వ్రాసియుంచుటచేతనే అది సాధ్యమయ్యెను.

అట్టి చిట్టా మనకు ప్రభుత్వము వ్రాసి ఇయ్యలేదు. గ్రామమే వ్రాసుకొనవలెను. దానికి తగిన చోటు గ్రామ గ్రంథాలయము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిననాటి నుండి అయ్యంకి వేంకటరమణయ్యగారి వంటి పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల అలమారగా కాక, ఊరి విజ్ఞానకేంద్రముగా తలచిరి. ఊరినుండి పటాలమునకు పోయినవారి పేర్లు, సంఖ్యలు, దళములు, పోయిన సంవత్సరము, వచ్చిన సంవత్సరము వ్రాయుటకు ఒక గట్టి అట్ట పుస్తకము చాలును. వృద్ధులు చెప్పినది ఒక పుటలోను, కాగితముల వలన తేలినది దాని యెదుటి పుటలోను వ్రాసినచో రెంటికిని భేదము తెలియును. రికార్డు కార్యాలయమునుండి వచ్చిన నకలునకు మఱియొక నకలు తీసి, ఒకటి ఇంటను, ఒకటి గ్రంథాలయమునను ఉంచినచో ఒకచోట చెద పట్టినను మఱియొకచోట మిగులును.

గ్రంథాలయమునకు పాతికేండ్లు నిండినచో ఊరు ఉత్సవము చేసికొనును. పింఛను లేని సిపాయి సేవాపత్రమునకు పాతికేండ్లు నిండినచో దానిని నాశనము చేయుటకు అనుమతి వచ్చును. కాలము రెంటికిని ఒక్కటియే. ఒకదానిని నలుగురు కనిపెట్టియుండిరి, రెండవదానిని అడిగినవారు లేరు. పాతపెట్టెల అడుగున పతకములును, వృద్ధుల నోట పేర్లును ఇంకను మిగిలియుండగనే ఆ పుస్తకము తెఱచుట మంచిది.